మందిరపు పచ్చ

పోయిన వారం కంటోన్మెంటు వైపు ఆటోలో పోతుంటే రోడ్డు మధ్య గట్టు మీద వరసగా గన్నేరు చెట్లు కనిపించాయి. ఎండకు బళ్లారి అంతా కాలిన పెనంలా ఉంటే, అవి మాత్రం ఒళ్లంతా గులాబీ రంగు పూలు పూసుకుని నిలబడి ఉన్నాయి. నేను అదేపనిగా చూస్తున్నానని కనిపెట్టి ఆటో అతను, "ఈటిని మేకలు ముట్టవు మేడం, అందుకే ఇవే నాటినారు," అన్నాడు. తలూపాను. అతను చెప్పింది సగం నిజం. చెట్టు మీదున్న పచ్చి గన్నేరును మేక వాసన చూసి పక్కకు పోతుంది. కోసి ఒక పూట ఎండలో పడేస్తే మాత్రం ఆకు చేదు తగ్గుతుంది, విషం తగ్గదు. కడుపు కాలుతున్న మేకకు అప్పుడు అదీ మేతే. ఇది నేను ఎక్కడో చదివి చెప్తున్న సంగతి కాదు, మా అత్త పాకలో కళ్లారా చూసింది.

అత్త అంటే మా నాన్నకు అక్క. మామ పోయాక కంటోన్మెంటులో పాత మిషన్ కాంపౌండు వెనక ఒంటి గది అద్దెకు తీసుకుని, పక్కనే రేకుల పాక వేయించుకుని మేకలు పెంచింది. మెత్తని మనిషేమీ కాదు. ఆదివారం ఆరాధనలో ఆమె గొంతెత్తితే పాడేవాళ్లంతా ఆమె వెనక పడి పోవాల్సిందే, పాస్టరుగారితో సహా. మేకల తిండి విషయంలో అయితే ఆమె మాటకు అప్పీలు లేదు. వేపమండలు, అవిశాకు, రేగుకొమ్మలు ఎంతైనా పెట్టేది. బళ్లారి జాలి అని మా ఊరి పేరే తగిలించుకున్న ముళ్లచెట్టు ఒకటి ఉంది, దాని కాయలు తియ్యగా ఉంటాయి, మేకలు వాటికోసం ప్రాణం పెడతాయి. అవే మేతగా పెడితే దవడ పడిపోతుందని గుప్పెడుతో సరిపెట్టేది. వాన చాలక ముడుచుకుపోయిన జొన్నపైరు మేకలకు విషం, దాని పక్కనుంచి మందను తోలుకుపోవాల్సివస్తే, పైరుకూ మేకలకూ మధ్య బందోబస్తు పోలీసులా నడిచేది. ఎవరింట్లోనైనా పుట్టినరోజు జరిగితే మిగిలిన పలావు పారేయడానికి మనసొప్పక బకెట్టులో పట్టుకొచ్చేవాళ్లు. అన్నం మేక కడుపులో పులిసి, పొట్ట ఉబ్బి ప్రాణం తీస్తుందని ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు కారు. "మేక ఏమైనా తింటాదని ఎవరప్పా మీకు చెప్పింది? తీసకపోయి మీరే తినండి, మీ కడుపులు గట్టివి," అని బకెట్టు వాళ్ల చేతికే ఇచ్చి పంపేది. ఆ మాటకు సగంమంది నవ్వేవాళ్లు, సగంమంది మరుసటి ఆదివారం పలకరించేవాళ్లు కాదు.

మా పెదనాన్నకు ఇదంతా నచ్చేది కాదు. ఆయన అత్తకూ మా నాన్నకూ పెద్దన్న, గాంధీనగర్‌లో మేడ ఇల్లు, సంఘంలో పెద్దరికం. తోడబుట్టినది మేకల వెంట తిరుగుతుంటే ఆయనకు తలవంపుగా ఉండేది. తన ఇంటికి వచ్చేయమని ప్రతి పండగకూ పిలిచేవాడు. ఆ పిలుపులో సగం ప్రేమ, మిగతా సగం మా పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు. ఆ ఇంట్లో వంట చేసే మనిషి కావాలి. అది అత్తకు తెలుసు. "నా మేకలుండేవరకూ నా పొయ్యి నాది అన్నా. నీ ఇంటికొస్తే నీ పొయ్యి కాడ నిలబడల్ల," అని ముఖం మీదే అనేది. ఆమె బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉండేది.

మా సంఘంలో తాతల నాటి నుంచి ఒక అలవాటు ఉంది. మందిరం అలంకరించిన పచ్చను చెత్తలో వేయరు. దేవుని ఇంట్లో నిలబడిన కొమ్మ మురిక్కాలవలో పడకూడదని పెద్దవాళ్ల పట్టుదల. అందుకని క్రిస్మస్‌కు కట్టిన మామిడాకులు, కోత పండుగ అరటిబోదెలు, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారపు కొమ్మలు అన్నీ చివరికి మేకలున్న ఇంటికి చేరేవి, అంటే అత్త పాకకు. ఎప్పుడూ ఆమే వచ్చి, దారాలూ గుండుసూదులూ విప్పి, ఏరుకుని మోసుకుపోయేది. ఆ ఏడు వానలు లేవు. ఈస్టరుకు మామిడాకు దొరకడమే కష్టమైంది. మందిరం కాంపౌండు గోడ పొడుగునా గన్నేరు విరగబూసి ఉంటే ఎక్కడెక్కడో వెతకడం ఎందుకన్నాడు పెదనాన్న. దగ్గరుండి కొమ్మలు కొట్టించి గేటుకు పెద్ద కమాను కట్టించాడు. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. అందరం దాని కింద నిలబడి ఫోటోలు దిగాం, అత్త కూడా.

మరునాడు సోమవారం అత్త సత్యనారాయణపేటలో మా ఇంటికి భోజనానికి వచ్చింది. పండగ పనితో మేపుకు తోలలేక మేకల్ని పాకలోనే కట్టేసి వచ్చింది, తిన్న వెంటనే పోతానంది. విస్తరి ముందు కూర్చున్నాక పెదనాన్న ఫోను. ఆయన మాట ఫోనులో కూడా మీటింగులో మాట్లాడినట్టే ఉంటుంది, గదంతా వినపడింది. చిన్నప్పటినుంచీ అత్తను ఆయన పాపా అనే పిలిచేవాడు. "ఏం పాపా, నీ మేకలు ఆకలికి అరస్తాండాయి. నువ్వట్ల పోతానే మందిరం పచ్చంతా మోపించి పాకలో ఏసినా. నువ్వు నిదానంగా తిని రా." అత్త ముఖం వెలిగిపోయింది. అన్నేళ్లలో ఆయన ఆ పాకలో కాలు పెట్టడం అదే మొదలు. "చూడమ్మా, మా అన్న నా మేకలకి మేతేసినాడంట," అని మా అమ్మతో మురిపెంగా అని ముద్ద కలిపింది. ఆ ముద్ద నోటి దాకా పోలేదు. "యా పచ్చ అన్నా? కమానుదా?" అంది. "కమానుదే. ఇంకేముండాది ఈడ?" అన్నాడాయన.

ఆమె చెయ్యి కూడా కడుక్కోలేదు. మేం ఆటోలో పోయేసరికి మేకలు కొన్ని కాళ్లు చాపుకుని పడి ఉన్నాయి, కొన్ని పొట్టలు ఉబ్బి మూలుగుతున్నాయి. వాడిన గులాబీ పూలు పాకంతా చల్లి ఉన్నాయి. అత్త మేకల నోళ్లలోంచి ఆకు వేళ్లతో లాగుతూ ఒక్కోదాన్నీ పిలుస్తోంది. పశువుల డాక్టరు వచ్చి సూదులేశాడు, నమిలిన ఆకు చూసి గన్నేరే అన్నాడు. అప్పటికి పెదనాన్న కూడా వచ్చాడు. "కాదు డాక్టరప్పా, ఎండదెబ్బ. ఎండ చూడు ఎట్లుండాదో," అన్నాడు. డాక్టరు ఆకు చేతిలో పెట్టబోతే పక్కకు తిరిగి ఎవరికో ఫోను చేసుకున్నాడు. పొద్దు గూకేసరికి పాకలో నిలబడ్డ మేక లేదు.

ఆయన కావాలని చేశాడని నేను అనను. ఆకలిగొన్న నోళ్లకు మేత వేద్దామనే వేశాడు, బహుశా చెల్లెలి కోసం ఆయన తనంతట తాను చేసిన ఒకే ఒక్క పని అది. కానీ తరవాతి ఆదివారం మందిరంలో లేచి, "ప్రభువా, నా చెల్లెలికి నీవు అనుమతించిన ఈ శ్రమను బట్టి స్తోత్రం," అని ప్రార్థన చేశాడు చూడండి, అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. కొట్టించింది ఆయన, వేయించింది ఆయన, అనుమతించింది మాత్రం దేవుడట. చుట్టూ అందరూ ఆమెన్ అన్నారు. అత్త గొంతు ఆ రోజు పాటలో కూడా వినపడలేదు.

వానలు పడకముందే ఆమె గాంధీనగర్ చేరింది. చేరి వంటగదిలోకి పోయింది. తరవాత్తరవాత పెదనాన్నకు పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. ఆయనకు ఏది పెట్టాలో, ఏది పెడితే ప్రమాదమో అన్నీ కనుక్కుని, ఉప్పు తగ్గించి, మెత్తగా చిదిమి, స్పూనుతో పెట్టింది అత్తే. మాట మాత్రం ఆయనకు పోలేదు, చివరిదాకా బాగానే ఉండింది. కాఫీ చల్లారిందనేవాడు, ఫ్యాను పెంచమనేవాడు. ఇంకో మాట చెప్పడానికి కావలసినంత తీరిక కూడా ఉండింది. ఆయన పోయాక సమాధి ఆరాధనలో పాస్టరుగారు ఆయన్ను దిక్కులేని చెల్లెలికి నీడనిచ్చిన అన్న అని మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం అత్త అందరికీ టీ కాస్తుంటే పక్కన నిలబడి, నీకు కోపం లేదా అత్తా అని అడిగాను.

"కోపం ఎందుకు లేదు? ఉండాది," అంది పొయ్యి వైపే చూస్తూ. "తెలీక ఏసినా పాపా అని ఒక్క మాట అనింటే ఆ పొద్దే మర్చిపోతాంటి. అంటాడేమో అనే రోజూ ముద్ద పెట్టినా."

కాలం అన్నిటినీ సర్దుతుందని అందరూ నాకు చెప్తారు. మా ఇంట్లో అది సర్దిందల్లా ఇంతే: ఆ మాట అనాల్సిన మనిషిని తీసుకుపోయింది, వినాల్సిన మనిషిని ఆ పొయ్యి దగ్గరే ఉంచింది.