మా గట్టున కట్టిన తుపాకి

నా చిన్నప్పుడు మా నాయన చేనికి మనిషి కాపలాతో ఇక లాభం లేదని, తుపాకినే కాపలా పెట్టాలని తీర్మానించాడు. నగరికి అవతల, కొండ కింద మాది మెట్ట చేను. ఆ ఏడు చెనక్కాయ, అదే వేరుశెనగ, బాగా పట్టింది. పట్టిందన్న సంతోషమే గానీ, కొండ దిగి వచ్చే అడవిపందులు సాళ్లకు సాళ్లు పెళ్లగించి తినిపోతున్నాయి. నాయన కేకలు వేసి, మంటలు పెట్టి విసిగిపోయాడు. ఆ పంట పోతే మా ఇంట్లో ఏడాదికి తిండి లేదు. ఆకలిని పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాళ్లకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

అప్పట్లో తీగ తుపాకి అని ఒకటుండేది. మందు కూరిన నాటు తుపాకిని పందులు వచ్చే దారికి గురిపెట్టి కొయ్యకు బిగిస్తారు. దాని మీటకు సన్నని తీగ కట్టి, దారికి అడ్డంగా లాగి వదిలేస్తారు. కాలు తగిలితే తుపాకి పేలుతుంది. కట్టినవాడు హాయిగా నిద్రపోవచ్చు. నాయన ముందుగా ఊళ్లో చాటింపు వేయించాడు, పొద్దు మునిగాక మా చేని వైపు ఎవరూ రావద్దని. అంతవరకు ధర్మంగానే చేశాడు. అది కూడా చెయ్యనివాళ్లు బోలెడుమంది.

మా చిన్నాయన అప్పుడే మిలిటరీ వదిలేసి ఇంటికి వచ్చి ఉన్నాడు. సరిహద్దు కొండల్లో మందుపాతరలు పాతే పని చేసినవాడు. ఆయనకు ఈ ఏర్పాటు నచ్చలేదు.

"వద్దు, అన్నా. ఆ తీగకు పందని తెలవదు, మనిషని తెలవదు" అన్నాడు.

"ఊరంతా చెప్పించినా గదరా! ఇంగెవురొస్తారు ఆడికి? మిలిటరీకి పొయ్యొచ్చి పందికి బయపడేవాణ్ణి నిన్నే సూస్తా ఉండా."

"పందికి గాదులే, అన్నా" అన్నాడు చిన్నాయన. నాయన సాయంత్రం తుపాకి కట్టేశాడు. ముగ్గురం చేని రెండో కొసన ఉన్న గుడిసెలో పడుకున్నాం.

తెల్లవారి వెలుగు పడుతుండగా గట్టు మీద చప్పుడైంది. తుపాకి పేలిన చప్పుడు కాదు, డబ్బాలో రాళ్లు గలగలమన్న చప్పుడు. నాయన బరిసె తీసుకుని పరిగెత్తాడు, వెనకాలే నేను. చూస్తే కొయ్యకు తుపాకి లేదు. దాని చోట గులకరాళ్లు పోసిన కిరసనాయిలు డబ్బా వేలాడుతోంది. నాయన నిద్రపోయాక చిన్నాయన మార్చేశాడన్నమాట. "నా తుపాకి యాడ పెట్టినావురా!" అని నాయన అరుస్తూనే కిందికి చూశాడు.

తీగ పక్కన పసుపు చీర కట్టుకున్న ముసలామె బోర్లాపడి ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని అయిదేళ్ల మనవరాలు, అవ్వ పడిపోయిందని కిలకిలా నవ్వుతోంది. అది అరవవాళ్ల పెరటాసి నెల. అరవ పల్లెల జనం తిరుమల కొండకు కాలినడకన పోయే నెల. వాన పడి బండిబాట బురదైతే వాళ్లు మా గట్టు మీదుగా అడ్డదారి తొక్కుతారని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఏటా చూసేవాళ్లమే. అయినా నాయనకు గుర్తు రాలేదు. 'ఊరంతా' అన్నప్పుడు ఆయన మనసులో వాళ్లు లేరు.

"ఏమప్పా, సామి కాడికి పొయ్యే దోవలో తీగ గట్టేదా? కన్ను తెలీదా మీకు?" అని ముసలామె అరవం కలిసిన తెలుగులో దులిపేసింది.

నాయన ఆమెను చూడటం లేదు. తుపాకి గురి పంది ఎత్తుకు పెట్టింది. ఆ ఎత్తుకు సరిగ్గా ఆ పిల్ల గుండె ఉంది. నాయన అక్కడే బురదలో కూలబడి ముసలామె పాదాలు పట్టుకుని ఏడ్చాడు. ఆమెకేం తెలుసు? "లెయ్యప్పా, కాలే గదా కొట్టుకునింది. దానికింత ఏడస్తారా మొగోళ్లు!" అని నవ్వి, పిల్లను నడిపించుకుంటూ గోవిందా అంటూ వెళ్లిపోయింది.

చిన్నాయన మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు. "నేను పాతిపెట్టి వొచ్చినవాటి కాడికి ఇట్ల పరిగెత్తి పొయ్యి సూసే దోవ లేదన్నా నాకు" అన్నాడు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ వంతులేసుకుని కాపలా కాశారు. అయినా పంట సగం పందులపాలే అయింది. ఆ ఏడు మా అంబలి పలచనైంది.

ముసలితనంలో చిన్నాయన ఒక పుస్తకం రాశాడు. మనిషి ఆజ్ఞ అక్కర్లేకుండా తమంతట తామే ఎంచుకుని కాల్చే యంత్రాల గురించి. తాను పాతిన మందుపాతరల సంగతి కూడా దాచకుండా రాసుకున్నాడు. ఆ పుస్తకం ఆవిష్కరణకు తిరుపతిలో సభ పెట్టారు. వేదిక మీద ఒక పెద్ద చదువుల ఆయన లేచి, యంత్రం మనిషికన్నా తక్కువ తప్పులు చేస్తుందని, చీకట్లో కూడా శత్రువెవరో సామాన్యుడెవరో పోల్చుకోగలదని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. బడిలో నేను చదివింది తక్కువే, చేతికి దొరికింది చదువుకుని ఇంతవాణ్ణయ్యాను. లేచి మైకు అందుకుని, "ఆ తక్కువ తప్పుల్లో ఒకటి జరిగిన పొద్దున పరిగెత్తి పొయ్యేదెవురయ్యా?" అని అడిగాను. "పెద్దాయనా, టైం లేదు" అని మైకు లాక్కున్నారు. బయట బోండాలు చల్లారిపోతున్నాయట. పుస్తకాలు చాలావరకు కట్టలు విప్పకుండానే తిరిగి ఇంటికి వచ్చాయి. బస్సులో చిన్నాయన "ఇట్లే ఉంటాదిలేరా" అన్నాడు. ఆయనకున్న ఓపిక నాకు లేదు.

యంత్రం తప్పులు తక్కువే చేస్తుందేమో, నాకు తెలియదు. నాకు తెలిసిందొక్కటే. ఆ పొద్దున మా గట్టు మీద ఎవరికీ ఏమీ కాలేదు. అయినా నాయన చాలా కాలం ముద్ద నోటిదాకా తెచ్చి అలాగే ఆగిపోయేవాడు. జరగని చావుకు మనిషి అంతగా వణికాడు. అలా వణకడం చేతకాని దానికి ప్రాణం తీసే పని అప్పజెప్పేవాళ్లను చూస్తే, ఇంత వయసు వచ్చాక కూడా నోరు కట్టుకుని కూర్చోవడం నావల్ల కావడం లేదు.