చేతులు పెట్టరాదు

తొట్టి అద్దానికి ఆ కాగితం అంటించింది నా కొడుకు. దాన్ని చదవాల్సిన మనిషిని నేనొక్కదాన్నే. ఖమ్మంలో వాడి ఇంట్లో ఉండేది ముగ్గురం: వాడు, కోడలు, నేను. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏం రాసుకున్నా ఫోనులోనే, అదీ ఇంగ్లీషులోనే. ఈ కాగితం మాత్రం తెలుగులో ఉంది. నా కళ్లకు ఆనేంత పెద్ద అక్షరాలు, నా ముఖానికి సరిగ్గా ఎదురుగా. "చేతులు పెట్టరాదు."

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. కోడలు స్కూల్లో టీచరు. సాయంత్రం వంట అయ్యాక పలక ముందేసి నాతో దిద్దించేది. బస్సు బోర్డు మీద పెనుబల్లి అని నాకు నేనే చదువుకుని ఎక్కిన రోజు, దారిపొడవునా కనబడ్డ బోర్డల్లా పైకే చదివాను. పక్కనామె విసుక్కుని సీటు మారింది. అంత సంబరపడి నేర్చుకున్న చదువు చివరికి కొడుకు నన్ను తిట్టడానికి పనికొచ్చింది. మునుపైతే వాడు నోటితో అనాల్సి వచ్చేది. అంటే నేనూ ఒకటి అనేదాన్ని. కాగితాన్ని ఏమని తిట్టను?

తొట్టి సంగతి చెప్పాలి. మామూలు చేపల తొట్టి కాదది, ఉప్పునీళ్లది. సముద్రంలో బతికే చేపల కోసం. మాకు సముద్రం ఎక్కడిది? మా ఊరు పెనుబల్లి దాటాక అడవి అంచున ఉంటుంది. నీళ్లంటే మాకు వాగు, పొలం కాలువ. నా కొడుకు బ్యాంకులో కుదిరి, ఫ్లాటు కొన్నాక, వాడికి హాలులో సముద్రం పెట్టుకోవాలని కోరిక పుట్టింది. ఉప్పు పొట్లాలు తెప్పించి, వడకట్టిన నీళ్లలో కలిపి, మీటరు ముంచి చూసేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో ఏనాడూ చెప్పని మనిషి!

ఆ తర్వాత హైదరాబాదు నుంచి థర్మోకోల్ డబ్బాలో తడి కాగితాలు చుట్టుకుని రాళ్లు వచ్చాయి. నిండా బొక్కలున్న రాళ్లు.

"లైవ్ రాక్ అంటరమ్మా. బతికున్న రాయి అన్నట్టు."

"బతికున్నదైతే లోపల ఇంకేం బతుకుతున్నయో చూసినవారా?"

"షాపోడు అన్నీ చూసే అమ్ముతడు."

మేము పక్క ఊరి నుంచి మిరపనారు తెచ్చుకున్నా వేళ్లు దులిపి, కలుపు ఏరి గాని మడిలో పెట్టం. వీడు రాళ్లను అట్లాగే దించేశాడు. వాటి మీద రంగురంగుల పగడపు ముక్కలు అతికించాడు. ఏడు చేపలు వదిలాడు. నారింజరంగు మీద తెల్లపట్టీలవి రెండు, పసుపువి, నీలివి. బాగున్నాయి. బాగున్నదాన్ని బాగాలేదని నేనెందుకంటాను? పొద్దున లేచి టీ గ్లాసుతో ఆ తొట్టి ముందే కూర్చునేదాన్ని.

రెండు నెలలకు ఒక రాయి మీద చిన్న పువ్వులాంటిది లేచింది. మట్టిరంగు కాడ, దారాల్లాంటి రెక్కలు. కొడుకూ కోడలూ మురిసిపోయి ఫొటోలు తీసుకున్నారు. పైసా పెట్టకుండా వచ్చిందట.

"నాటకుండా మొలిచేది కలుపేరా," అన్నాను.

"నీకు అన్నీ కలుపు లెక్కనే కనబడతయమ్మా."

పది రోజులకు అవి ఆరయ్యాయి. పక్కనున్న పగడాలు ఆ రెక్కలు తగిలి ముడుచుకుపోయాయి. అప్పుడు వాడికి భయం పుట్టి, బ్లేడు పెట్టి వాటిని గీకేశాడు. తుంగను కొడవలితో కోసిన మనిషికి ఏమవుతుందో వీడికీ అదే అయింది. తెగిన ప్రతి ముక్కా ఎక్కడ పడితే అక్కడ ఒక పువ్వయి లేచింది. గడ్డ తియ్యకుండా తుంగ జోలికి పోకూడదని మా వాడలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. వీడి చిన్నప్పుడు నేను మిరపతోటలో కలుపు తీస్తుంటే వీడు గట్టు మీదే ఆడుకునేవాడు. ఏం చూశాడో మరి.

నాకు తోచింది చెప్పాను. వానాకాలం అడవిలో జలగలు పడితే ఉప్పో సున్నమో రాస్తాం. "ఉప్పులో పుట్టినదానికి ఉప్పు ఏం జేస్తది? ఒక్కోదాని నోట్లె ఇంత సున్నం పెట్టు, సస్తది," అని నా తమలపాకుల సంచిలోంచి సున్నం డబ్బీ తీసి చూపించాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వితే నవ్వారు. ఆ మాటే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

ఎందుకంటే, ఆ వారం నుంచే చేపలు పోవడం మొదలైంది. ఏడు ఆరయ్యాయి. ఆరు నాలుగయ్యాయి. శవం లేదు, ముల్లు లేదు. ఒక ఆదివారం వాడితో పనిచేసే స్నేహితుడు ఇంటికి వచ్చి, "ఏందన్నా, చేపలు తగ్గినయ్?" అని అడిగాడు. నేను వంటగది గుమ్మంలో టీ పళ్లెంతో నిలబడి ఉన్నాను.

"మా అమ్మ పని," అన్నాడు నా కొడుకు. "చేతులు పెడుతది. నేను లేనప్పుడు సున్నం గూడ వేసినట్టుంది."

చెయ్యి పెట్టాను. ఒక్కసారి. అబద్ధం ఎందుకు? రాయి ఒరిగి ఒక చేప దాని కింద ఇరుక్కుంటే, చెయ్యి కడుక్కుని రాయి జరిపాను. చేప బతికింది. ఆ సంగతి వాడికి నేనే చెప్పాను కూడా. సున్నం మాత్రం వెయ్యలేదు. వేస్తే అన్నీ ఒక్కసారే చచ్చి పైకి తేలాలి కదా? ఒక్కటీ తేలలేదే? బ్యాంకులో అంత పని చేసే బుర్రకు ఇంతమాత్రం తట్టలేదు. స్నేహితుడు నా వైపు చూసి, చూడనట్టు టీ తాగాడు. మర్నాడు పొద్దున కాగితం వెలిసింది.

మిరపతోటలో కూలికి పోయినప్పుడు, పొద్దుగూకి ఇంటికొచ్చేముందు ఆసామి మమ్మల్ని ఒడి దులపమనేవాడు. రోజూ దులిపేవాళ్లం. ఒక్క కాయ దొరికేది కాదు. మర్నాడు మళ్లీ దులపమనేవాడు. వాడు పరాయివాడు, వాడి తోట, వాడి కాయలు. అట్లా దులిపిన ఒడిలో పెరిగినవాడు నాకు బోర్డు పెడతాడా?

పీకి పారేద్దామనుకున్నాను. కానీ మా వాడలో ఒక పద్ధతి ఉంది. నలుగురిలో వేసిన నింద తప్పని తేలితే, ఆ నలుగురినే పిలిచి వాళ్ల ముందే వెనక్కి తీసుకోవాలి. చాటుగా వచ్చి తప్పయిందంటే చెల్లదు. వెనకటికి కోడిపెట్ట పోయిందని మా అత్త మీద నోరు పారేసుకున్న మనిషి, ఆ పెట్ట గడ్డివాము కింది నుంచి పిల్లల్నేసుకుని వచ్చాక, అందరినీ పోగేసి మా గడప ముందు నిలబడి చెప్పాడు. కాబట్టి ఈ కాగితం నేను పీకకూడదు. అంటించిన చెయ్యే పీకాలి. ముందు నింద తప్పని తేలాలి.

నాకు కోడి కూసే వేళకు మెలకువ వస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాను. పెద్దరాయి అడుగున ఒక కన్నం, కన్నం ముందు చిన్న ఇసుకకుప్ప. సాయంత్రం వాడు పుల్లతో ఇసుక చదును చేశాడు, నేను చూశాను. మర్నాడు పొద్దున మళ్లీ కుప్ప. మూడో రోజూ కుప్పే. పొలం గట్టు మీద కన్నం ముందు కొత్త మట్టి పడి ఉంటే లోపల ఎండ్రకాయ, అదే పీత, ఉన్నట్టు. పాత మట్టయితే లేనట్టు. ఇది కొత్త మట్టి.

"ఒరేయ్, నీ రాయిల ఎండ్రకాయ ఉందిరా."

"అది సముద్రం రాయమ్మా. మన పొలం గట్టు గాదు."

"సముద్రంల ఎండ్రకాయలుండవా?"

"ఉంటయ్. గానీ షాపోడు నెల రోజులు విడిగ పెట్టి చూసిండట."

"ఆయన చూసిండు సరే, నువ్ చూసినవా?"

వాడు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

ఆదివారం తెల్లవారుతుండగా కోడలిని లేపాను. ఒక పచ్చిరొయ్య, మూరెడు దారం, గట్టి చీపురుపుల్ల, చేపల్ని పట్టే చిన్న వల తెమ్మన్నాను.

"ఇగ మీరు పట్టండి అత్తమ్మా."

"నేనెట్ల పడత? చేతులు పెట్టరాదు. నువ్ టీచర్‌వు, చదవలేదా?"

పాపం, అది పొట్ట పట్టుకుని నవ్వింది. పుల్లకు దారం, దారానికి రొయ్య కట్టి కన్నం ముందు దించింది. నేను చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను.

"గుంజకు. ముందు పట్టనీ. ఆఁ, పట్టింది. ఇప్పుడు కొద్దికొద్దిగ."

"బరువుగుందత్తమ్మా!"

"ఉంటది. మూడు చేపలు నువ్ తిన్నవా ఏంది, అదే తిన్నది. మెల్లగ రానీ. వదలదు అది. తిండి వదలదు, అందుకే దొరుకుతది."

నిమ్మకాయంత ఎండ్రకాయ. నల్లటిది, ఒళ్లంతా నూగు. రొయ్యను డెక్కలతో కరుచుకుని ఇసుక మీదికి వచ్చింది. కోడలు కెవ్వుమని అరిచినా వల మాత్రం గురి తప్పకుండా వేసింది. నాకు అక్షరాలు నేర్పిన చెయ్యి కదా, వణకదు. దాన్ని ఆ ఉప్పునీళ్లతోనే పచ్చడి సీసాలో వేసి మూత వదులుగా పెట్టాము.

అరుపుకు నా కొడుకు లేచి వచ్చాడు. సీసా చూశాడు, తొట్టి చూశాడు, నన్ను చూశాడు. ఏమంటాడా అని నేను చూస్తున్నాను. ఫోను తీసుకొచ్చి ఎండ్రకాయకు ఫొటో తీశాడు!

"గ్రూపుల పెడత. ఇంతది ఎవరికీ దొరికుండదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సీసా తీసి చెంగు కింద పెట్టుకున్నాను.

"ముందు నీ దోస్తును పిలువు. ఆయన ముందు అన్నవు. ఆయన ముందే తియ్యాలె."

"అమ్మా, గింత దానికి..."

"గింతదా? నేను చేపల్ని చంపిన్నని చెప్పినవు. పిలువు."

స్నేహితుడు మధ్యాహ్నం వచ్చాడు. నేను సీసా టీపాయి మీద పెట్టాను. నా కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మ తప్పేం లేదు."

"ఆనాడు రెండు మాటలన్నవు. ఇయ్యాల ఒక్కటేనా?"

"అమ్మ చేపల్ని చంపలేదు. సున్నం వెయ్యలేదు. ఎండ్రకాయ రాయిల వచ్చింది. అమ్మ జెప్పింది, నేనే ఇనలే."

స్నేహితుడు ఇబ్బందిగా నవ్వి, ఊరుకోలేక ఇంకో మాట అన్నాడు. "నిజం జెప్పాలంటే అన్నా, ఆ కలుపు పూల సంగతి నేను ఫోన్‌ల చూసిన. వాటికి సున్నమే పెడతరట. చిక్కగ కలిపి, సూది లేని సిరంజితోని నోట్లె పోస్తరట. పెద్దమ్మా, మీకెట్ల తెలుసు?"

"జలగలు జెప్పినయ్," అన్నాను.

నా కొడుకు పైన ఫ్యాను వైపు చూశాడు. తర్వాత లేచి, కాగితం పీకాడు. ఆ టేపు ఏ టేపో, సగమే వచ్చింది. నాలుగు మూలలా తెల్లటి జిగురు అద్దాన్ని పట్టుకుని ఉండిపోయింది. వాడు గోటితో గీకాడు, రాలేదు.

"కొబ్బరినూనె పెడితే వస్తదమ్మా, నువ్ అయితే మంచిగ తుడుస్తవు," అన్నాడు, బతిమాలుతున్నట్టు.

నేను టీ గ్లాసు తీసుకుని స్టూలు మీద కూర్చున్నాను. నాలుగు చేపలూ కన్నం దగ్గరికి భయం లేకుండా పోయివస్తున్నాయి.

"నేను తుడవను," అన్నాను. "చేతులు పెట్టరాదు."