మూడా, ఎనిమిదా?

పాఠం చదవడానికీ, అది తెలియడానికీ తేడా ఏమిటి? కాలేజీ రోజుల నుంచీ నన్ను వదలని ప్రశ్న.

ఈ రోజు మా అత్త పాత పొలం పత్రం తీసింది. సర్వే నంబరులో చివరి అంకె మూడైతే గట్టు మీది బావి మాది, ఎనిమిదైతే పక్కవాళ్లది. కారిమంగళం సంతలో కొన్న లావుపాటి భూతద్దంలోనూ అంకె అలుక్కుపోయినట్టే ఉంది.

"ఇంకా వెలుతురు కావాలత్తా" అన్నాను.

"కాలేజీకి పోయినావు గదమ్మా! వెలుతురు కాదు, అద్దం అంచు మూయల్ల. పట్టుపురుగులు పెంచేటప్పుడు వాటి గుడ్లు మేం ఇట్లే చూసినాం" అంటూ పెళ్లిపత్రిక అట్టకు చిల్లుపెట్టి అద్దానికి అడ్డం పెట్టింది.

మూడే!

భూతద్దం అంచు గుండా వచ్చే కిరణాలు, మధ్య నుంచి వచ్చే కిరణాలు ఒకేచోట కలవవు, అందుకే మసక అని పరీక్షలో రాసింది నేనే. మరి ఆ పాఠం నాకు వచ్చినట్టా, రానట్టా? మీరేమంటారు? నేనైతే ఇంకా తేల్చుకోలేదు.