వర్జ్యంలో కదలని బంటు

కురుక్షేత్రం తర్వాత అంతటి పోరు మా బావదే. ఏనుగులు, గుర్రాలు, ఇద్దరు రాజులు, అన్నీ ఉన్నాయి. కాస్త సర్దుకుని కూర్చోండి. నిజానికి అంత అక్కర్లేదు. శ్రీకాకుళంలో ఒక కల్యాణమండపం, ప్లాస్టిక్ కుర్చీలు, జిల్లా చదరంగం పోటీలో ఆఖరి ఆట. గెలిస్తే బావ రాష్ట్ర పోటీకి వెళ్తాడు. అంతే.

ఇందుకోసం బావ నెల్లాళ్లు ఫోన్లో ఒకే ఓపెనింగ్ చూశాడు. కింగ్స్ గాంబిట్. తెల్లపావులవాడు రాజు ముందున్న బంటును జరుపుతాడు. అవతలివాడూ అలాగే జరిపితే, పక్క బంటును ఎరగా పెడతాడు. అన్నం తింటూ కూడా దీని మీద ఉపన్యాసమే. కంచంలో పప్పు మీద గీసి చూపించేవాడు.

పదకొండుకి గడియారం నొక్కారు. చెరో అరగంట, అది అయిపోతే ఓడినట్టే. తెల్లపావులు బావవే. బావ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎదుట ఎనిమిదో తరగతి పిల్ల జడకొస నములుతోంది.

గోడవారనున్న మా అత్తని, అంటే బావ వాళ్లమ్మని అడిగాను.

"బావ కదపడేటత్తా?"

"వర్జ్యంరా. పదకొండూ ఇరవై దాటనీ."

"గడియారం తిరిగిపోతన్నాది కదత్తా!"

"తిరగనీ. మంచి గడియలో ఏస్తే నాలుగెత్తుల్లో అయిపోతాది, సూడు."

పోటీ నడిపే మాస్టారు వచ్చి వంగి చూశాడు. "ఏటి బాబూ, నిద్రా?"

"ఆలోసిస్తన్నానండి," అన్నాడు బావ. బల్ల మీద ఒక్క పావూ కదల్లేదు. అంత లోతు ఆలోచన.

వర్జ్యం దాటగానే అత్త దగ్గింది. బావ కత్తి దూసినట్టు బంటును దూకించాడు. ఆ పిల్ల రాజు ముందున్న బంటు జోలికే పోలేదు. ఇంకెక్కడిదో జరిపి మళ్లీ జడ నోట్లో పెట్టుకుంది. బావ ఎర తెచ్చుకున్నాడు, చెరువే లేదు. ఇక సొంతంగా ఆలోచించాలి. దానికి సమయం లేదు. సమయం ఉంటే ఏమయ్యేదో నేను చెప్పను. కాసేపటికి బావ గడియారం సున్నాకొచ్చింది. పావులు మాత్రం దండిగా మిగిలాయి.

"ఆ పిల్ల తప్పు ఓపెనింగ్ ఏసిందిరా," అన్నాడు బయటికొచ్చాక. "అలగెవులూ ఆడరు."

"గెలిసింది కద బావా."

"గెలిస్తే ఏటి? ఆట తెల్దు."

అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "వర్జ్యం పూర్తిగా దిగలేదురా. ఇంకో ఐదు నిమిషాలు ఆగుంటే రాష్ట్రానికెళ్లేవోడివి."

రాష్ట్ర పోటీ రోజునే బావకి ఎచ్చెర్లలో సప్లిమెంటరీ పరీక్ష ఉంది. హాల్‌టికెట్ ఈ ఆటకి వారం ముందే వచ్చింది.