మలుపు అవతల మోగిన హారను

దయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొస్తుంది. ఎవరికైనా గజ్జెల చప్పుడు వినిపించిందంటే, ముందు రాత్రి ఏం తిన్నావని అడిగే రకం నేను. ఇప్పటికీ అంతే. ఎనభైల మొదట్లో, మా పాప చంటిపిల్లగా ఉన్నప్పుడు జరిగిన సంగతి ఇది. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీ ఇష్టం.

అప్పట్లో పలమనేరులో నాకు పశువుల దాణా అంగడి ఉండేది. ఒక పాత మోటారు సైకిలు కూడా ఉండేది. కాస్త తీరిక దొరికితే చాలు, దాని మీద చుట్టుపక్కల కొండదారులన్నీ తిరిగేవాణ్ణి. పనీపాటా లేకుండా కొండలెక్కి దిగుతాడని ఇంట్లో ఎగతాళి చేసేవారు.

మా అక్కది కొండ కింది ఊరు. నా భార్య సుగుణ ఆమె కూతురే. అందుకే పెళ్ళయ్యాక కూడా నన్ను మామా అనే పిలుస్తుంది. ఆ వానాకాలం అక్క కాలు విరిగి మంచాన పడింది. మనవరాలిని ఇంకా కళ్ళజూడలేదని ఆమెకి ఒకటే బెంగ. వాన తెరిపిచ్చిన ఒక పొద్దున పాపని తీసుకుని బయలుదేరాం.

మా బండి హారనుకి ఒక జబ్బుండేది. గట్టిగా మొదలై, చివర్లో గొంతు పూడుకుపోయి కీచుమనేది. బాగు చెయ్యమంటే మెకానిక్ బాషా ముందురోజే దాన్ని ఊడదీసి అంగట్లో పెట్టుకున్నాడు. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అని హారను లేకుండానే వెళ్ళాం.

ఆ రోడ్డు ఒక బండి పట్టేంత సన్నది. ఒకపక్క కొండ, ఇంకోపక్క వెదురుపొదల లోయ. ఎక్కే బండి మలుపుకి ముందు హారను కొట్టాలి, దిగే బండి అది విని ఆగి దారివ్వాలి. ఇది అందరూ పాటించే కట్టుబాటు. ఇంకో అలవాటు కూడా ఉండేది. దిగుడు మొదలవగానే ఇంజను ఆపేసి బండిని జారనిచ్చేవాళ్ళం. దానంతటదే దిగే బండికి పెట్రోలు ఎందుకు తగలెయ్యాలి? నేనూ ఆపేశాను.

చప్పుడు లేకుండా జారుతున్నాం. పాప సుగుణ ఒళ్ళో నిద్రపోతోంది. చల్లగాలికి నాకూ హుషారు పుట్టి బ్రేకు సంగతి మరిచాను. అప్పుడు కింది మలుపు అవతల హారను మోగింది, రెండుసార్లు.

"ఎవురో ఎక్కతా ఉండారు మామా, ఆపు," అంది సుగుణ.

బ్రేకు తొక్కి కొండవైపు ఆపాను. ఆ హారను కూడా చివర్లో కీచుమంది. మన బండికి తోడు ఇంకో గొంతు పోయిన బండి దొరికిందే అని నవ్వాను. సుగుణ నవ్వలేదు.

ఎవరూ రాలేదు. ఇంజను చప్పుడైనా లేదు. ఇక కదులుదామనుకునేసరికి మళ్ళీ మోగింది, ఈసారి మరీ దగ్గరగా. పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. నాకు ఒళ్ళు మండింది. దారిస్తే రాడు, పైగా పిల్లని లేపాడు, వీడెవడో చూద్దామని స్టాండు వేసి నడుచుకుంటూ మలుపు తిరిగాను.

అక్కడ రోడ్డు లేదు. రాత్రి వానకి కల్వర్టు కొట్టుకుపోయి పెద్ద గండి పడింది. అడుగున బండరాళ్ళు, ఎర్రటి నీళ్ళు. అవతలి గట్టు మీద తడిమన్ను నున్నగా ఉంది, చక్రం జాడ లేదు, అడుగు జాడ లేదు.

"ఎవురప్పా ఆడ?" అని కేకేశాను. ఎవరూ పలకలేదు.

 వెనక్కొచ్చి పాపని అందుకుని, మలుపు దాకా వెళ్ళి చూడమని సుగుణకి చెప్పాను. ఆమె వెళ్ళి చూసొచ్చింది. రోడ్డు మీదే కూలబడి ఇద్దరం ఏడ్చాం, ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. బతికి ఉండటం ఎంత హాయో నాకు ఆ రోజే తెలిసింది. వెనక వచ్చేవాళ్ళకి గుర్తుగా కొమ్మలు, రాళ్ళు రోడ్డుకి అడ్డం పెట్టి వెనుదిరిగాం.

నేరుగా బాషా అంగడికి పోయి నా హారను ఏదని అడిగాను.

"యాడికి పోతాదన్నా, నిన్నటి నుంచి ఈ కిరసనాయిలు గిన్నెలోనే ఉండాది," అన్నాడు బాషా. తుడిచి, బిగించి, బ్యాటరీకి తగిలించి మోగించాడు. బెంచీ మీద కూర్చున్న సుగుణ పాపని గుండెకి హత్తుకుని, "ఇదే మామా," అంది.

అడవిలో ఏదో పిట్ట అరిచి ఉంటుందన్నాడు బాషా. ఎంత మెకానిక్ అయినా ఆ కీచు మాత్రం వదిలించలేకపోయాడు. సరిగ్గా అదే జబ్బున్న పిట్ట నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు. ప్రతిధ్వని అందామంటే, అది పుట్టడానికి అసలు హారను మోగాలి కదా.

తర్వాత కొత్త కల్వర్టు కట్టారు. అక్క లేచి తిరిగింది. మేం వెళ్ళినప్పుడు మనవరాలిని తనివితీరా ముద్దాడింది. ఆమెని చూసి పైకి వస్తూ, కల్వర్టు దాటగానే మలుపు ముందు ఎప్పటిలా రెండుసార్లు హారను కొట్టాను. వెనక నుంచి సుగుణ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఇంకోసారి కొట్టు మామా. గట్టిగా. పాప లెయ్యాల."

పాప ఆమె ఒళ్ళో మేలుకునే ఉంది, కేరింతలు కొడుతోంది. సుగుణ ఏ రోజు పాప గురించి చెబుతోందో నాకు అర్థమైంది.

అదెలా జరిగిందో ఇన్నేళ్ళకీ నేను చెప్పలేను. నవ్వుకోకండి గానీ, ఆ మలుపు దాటేదాకా హారను మీంచి వేలు తియ్యలేదు.