అత్త చేతి ప్రెషరు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. అప్పుడే డిప్లొమా పట్టుకొచ్చి మార్కాపురంలో మా నాయన కార్ల షెడ్డులో దిగాను. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పే మనిషికి పాఠాలు చెప్పేవాణ్ని (ఆయన ఓపిగ్గా వినేవాడు, అదే నా ఖర్మ).

మాకో పాత కారు ఉండేది. నాయన చెల్లెలు, మా అత్త, తన పెండ్లికి అందులోనే బయలుదేరిందట. దారిలో అది ఆగిపోతే పలకరాయి లారీ ఎక్కి, తెల్లచీర నిండా దుమ్ముతో చర్చి ముందు దిగిందట. "ఇంక నీ కారెక్కితే ఒట్టు" అని ఆ రోజే నాయనతో అనేసింది. ఇరవై ఏళ్లు ఆ మాట తప్పలేదు. ఇంతలో ఆమె కూతురి పెండ్లి వచ్చింది. పెండ్లికూతుర్ని మేనమామే తోడుకొని రావాలి, మా ఇళ్లలో అది ఆనవాయితీ. అద్దెకారు తెద్దామంటే నాయన ముఖం చిన్నబోయింది. "ఆ కార్లోనే తెస్తా. చెల్లెలి దగ్గర ఆ మాట చెరిపేసుకోవాల" అన్నాడు.

ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బురేటర్ పాడై ఏడాదైంది, కొత్తది ఎక్కడా దొరకలేదు. బైకులవి రెండు బిగిద్దామన్నది నా తెలివే. బిగించాం. కారు పంపు తోసే పెట్రోలు ధాటికి అవి నిండి, పొంగి, బయటికి కారాయి. "బైకుకు ట్యాంకు పైనుంటది, పెట్రోలు దానంతటదే దిగతాది. ఇట్ల తోస్తే అవి తట్టుకుంటాయా?" అన్నాడు నాయన. పైపుకు క్లిప్పు వేసి, నొక్కి, ప్రెషరు తగ్గించాను. షెడ్డులో నిలబెట్టిన కారు చక్కగా ఆడింది. "రోడ్డు మీద ఒకసారి తోలి చూద్దాంరా" అన్నాడు. "అక్కర్లేదు, లెక్క వేశాను" అన్నాను.

కారు జోరందుకుంటే పంపూ జోరందుకుంటుందన్న సంగతి నా లెక్కలో లేదు. పెండ్లినాడు చర్చి ఇంకా నాలుగు కిలోమీటర్లుండగా కారు దగ్గి, పెట్రోలు కక్కి, ఆగిపోయింది. వెనక సీట్లో మరదలు ముక్కు మూసుకుంది. పక్కనే అత్త. కూతురి కోసం ఒట్టు గట్టున పెట్టి ఎక్కింది పాపం. తిడుతుందనుకుంటే, కొంగుతో కూతురికి విసురుతోంది. నాయన స్టీరింగ్ పట్టుకుని తల దించుకున్నాడు. ఆయన్ని అట్లా చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇంజను చల్లారాక నాయన దిగి డిక్కీ తెరిచాడు. బండ్లు పరీక్షించేందుకు మెకానిక్కులు దాచుకునే ఖాళీ గ్లూకోజ్ సీసా తీశాడు. అందులో పెట్రోలు నింపి, పంపును తప్పించి, సన్న పైపు కార్బురేటర్లకు తగిలించాడు (ఇప్పుడెవరైనా అట్లా చేస్తే నేనే తంతాను). ముందు సీట్లో కూర్చుని, సీసా కిటికీ బయటికి ఎత్తి పట్టుకోవడం నా పని. ఎంతెత్తులో పట్టాలో లెక్క వేయసాగాను.

"ఇటియ్యిరా, ఇంకా లెక్కలేస్తా ఉండావు. నువ్వు ఎనక్కి పో" అంటూ అత్త పట్టుచీరతో ముందుకొచ్చి కూర్చుంది.

కారు కదిలింది. ఇంజను నీరసపడితే "ఇంకొంచెం పైకమ్మా" అనేవాడు నాయన. వాసనొస్తే "దించు, దించు". అత్త చెయ్యి ఎంతెత్తులో ఉంటే అంత ప్రెషరు. పక్కన ఆటోలోంచి ఒకామె "ఏందక్కా, కారుకు సెలైన్ ఎక్కిస్తాండారా?" అని అరిచింది. "అవునమ్మా, మా అన్న కారుకు ఒంట్లో బాగలేదు" అని అత్త పకపకా నవ్వింది. ఆ కార్లో ఆమె నవ్వడం అదే మొదలు.

చర్చి ముందు దిగి, పట్టేసిన భుజం రుద్దుకుంటూ, "అన్నా, ఈసారి తలుపు దాకా తెచ్చినావు" అంది. నాయన మసిగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. పెండ్లి ఫోటోలన్నిట్లో ఆయన ముఖం మీద ఆ మసి ఉంది.

ఇప్పుడు షెడ్డు నాది. పెట్రోలు ప్రెషరు చూపే గేజీ ఉంది, దాన్ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ ఉంది, రోడ్డు మీద తోలి చూడకుండా ఏ కారూ అప్పగించను. మొన్న అత్త వస్తే రెగ్యులేటర్ చూపించి, "ఆ రోజు నువ్వు చేసిన పని ఇప్పుడిది చేస్తది అత్తా" అన్నాను. అత్త దాన్ని వేలితో తట్టి చూసింది.

"చేస్తది లే. మా అన్న తల దించుకుంటే దీనికి తెలస్తదా?"

ఆ డిప్లొమా కుర్రాడైతే జవాబు చెప్పేవాడు. నేను నవ్వి, ఆమెకు కుర్చీ వేశాను.