సాక్ష్యాల వేళ వచ్చిన సైటేషన్

గొర్రెలకు జబ్బు రాకుండా ఆపే ఒక జీన్ మీద నేను పేపరు రాసినాను. వేరే శాస్త్రవేత్తలు తమ పేపరులో దాన్ని పేర్కొంటే సైటేషన్ అంటారు. అది వచ్చినప్పుడల్లా నా ఫోన్ మోగుతుంది. కూలికి పోయి నన్ను చదివించిన అమ్మకు అంతవరకే తెలుసు. ఆదివారం తర్లుపాడు దగ్గర మా ఊరి చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేది: "మా పాప రాసింది దేశంగాని దేశంలో చదివినారంట, దేవునికి స్తోత్రం." వద్దమ్మా అంటే వినదు. నాకు ఒళ్ళు మండేది.

ఆ ఆదివారం సరిగ్గా సాక్ష్యాల వేళకే ఒళ్ళో ఫోన్ గుర్రుమంది. చాప మీద కూర్చునే తెరిచినాను. నా పేపరులో చెప్పిన ఫలితం తమకు ఎంత ప్రయత్నించినా రాలేదని ఎవరో రాసినారు. ఉద్యోగం, నా దగ్గర పరిశోధన చేసే పిల్లలు, ఆ ఫలితాన్ని నమ్ముకుని రాసిన తర్వాతి పేపర్లు, అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగినాయి. తప్పు నాదో వాళ్ళదో కూడా తెలియదు.

ఫోన్ చప్పుడు విన్న అమ్మ అప్పటికే కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడింది. నా భుజం తట్టింది.

"ఈసారి నువ్వే చెప్పు పాపా, ఏం రాసినారో."

పాస్టరుగారు నవ్వుతూ మైకు నా చేతికిచ్చినారు. జనం అప్పుడే చప్పట్లు మొదలుపెట్టినారు.